విదేశీ ధారావాహికను ఖ్మేర్‌లోకి డబ్ చేయడం: వరుసల పట్టిక నుంచి తుది మిక్సింగ్ వరకు

కొరియా, చైనా, భారత ధారావాహికలను కంబోడియా ప్రేక్షకుల కోసం అక్కడి భాషైన ఖ్మేర్‌లోకి డబ్ చేసే పని ఏ క్రమంలో సాగాలి అని అడుగుతున్నవారిలో రెండు రకాల వారున్నారు. హైదరాబాద్‌లో డబ్బింగ్ రచన చేస్తూ కొత్త మార్కెట్ వైపు చూస్తున్నవారు కొందరు. ఆ దేశ రాజధాని ఫ్నోమ్ పెన్‌లోని స్టూడియోలతో సమన్వయం చేయవలసి వచ్చి, ఆ భాష తెలియక తడుముకుంటున్నవారు మరికొందరు. ఇద్దరికీ పనికివచ్చేలా మొత్తం పనిని వరుసక్రమంలో రాస్తున్నాను.

మనకు అలవాటైన తెలుగు డబ్బింగ్‌లో మొదటి చింత పెదవుల గురించే ఉంటుంది. ఖ్మేర్‌లో మొదటి చింత పిలుపు గురించి ఉండాలి. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, తమను తాము ఏమని చెప్పుకుంటారు అన్నది తేలకుండా రాసిన సంభాషణ, పెదవులకు ఎంత చక్కగా అతికినా, వినేవారికి పరాయిగానే ఉంటుంది. అందుకే మూడవ అంచెకు ఎక్కువ చోటు కేటాయించాను.

1. హక్కులు, ముడిసరుకు చేతికి రావాలి

ఒప్పందంలో భాష, భూభాగం, మాధ్యమం అనే మూడూ విడివిడిగా రాసి ఉండాలి. కంబోడియాలో టీవీ ప్రసారానికి ఇచ్చిన హక్కు యూట్యూబ్‌కు, ఫేస్‌బుక్‌కు తనంతట తాను వర్తించదు. ప్రేక్షకులు ఎపిసోడ్‌లను ఫోన్లలో కూడా చూస్తారు కాబట్టి ఒప్పందంలో ఆ మాధ్యమాల ప్రస్తావన లేకపోవడం వల్ల తరువాత పెద్ద చిక్కు వస్తుంది.

ధారావాహిక ఏ దేశానిదో కూడా ముందే చూసుకోవాలి. 2003 జనవరిలో ఫ్నోమ్ పెన్‌లో థాయ్ రాయబార కార్యాలయం దహనమైన తరువాత థాయ్ ధారావాహికలు కంబోడియా తెరల నుంచి తొలగిపోయాయి. తిరిగి 2025 జూన్‌లో సరిహద్దు వివాదం ముదిరినప్పుడు అక్కడి ప్రభుత్వం థాయ్ సినిమాల, ధారావాహికల ప్రసారాన్ని ఆపివేసింది. సగం డబ్ చేసిన పని మూలన పడకుండా ఉండాలంటే, టీవీ ప్రసారాలు సమాచార మంత్రిత్వ శాఖ పరిధిలోకి, సినిమాల అనుమతులు సంస్కృతి, లలిత కళల మంత్రిత్వ శాఖ పరిధిలోకి వస్తాయని గుర్తుంచుకుని, ప్రసారం చేయబోయే ఛానల్ ద్వారానే అప్పటి నియమాలను రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉండవలసినవి:

- టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను, ఫ్రేము చూపే అంకెలు) కనిపించే వీడియో, ఫ్రేమ్ రేటు వివరంతో సహా.
- మాటలు లేని సంగీతం, శబ్దాల ట్రాక్. మన స్టూడియోల్లో ఎం అండ్ ఈ అనేది దీన్నే.
- మూలభాషలో సంభాషణల ప్రతి. ఇంగ్లీషు అనువాదం ఉంటే అది అదనం. మూలప్రతికి బదులు కాదు.
- పాత్రల వయసులు, బంధుత్వాలు, హోదాలు రాసిన పత్రం. నిర్మాణ సంస్థ ఇవ్వకపోతే మనమే తయారుచేసుకోవాలి.
- తెరపై కనిపించే రాతల జాబితా: ఉత్తరాలు, ఫోన్ సందేశాలు, దుకాణాల బోర్డులు.

ఫ్రేమ్ రేటును ఎందుకు పట్టించుకోవాలంటే, సెకనుకు 23.976 ఫ్రేముల వీడియోను 25కు మార్చి పరుగెత్తిస్తే 60 నిమిషాల నిడివి సుమారు 57 నిమిషాల 33 సెకన్లకు తగ్గిపోతుంది. రికార్డింగ్ ఒక ప్రతి చూసి చేసి, మిక్సింగ్ ఇంకో ప్రతి మీద చేస్తే మొదటి సన్నివేశంలో కుదిరిన మాట పదో నిమిషానికే తప్పిపోతుంది. ప్రసారానికి వెళ్ళే ప్రతి ఏదో ఛానల్‌ను అడిగి, మొదటి రోజు నుంచి అందరూ అదే ప్రతి మీద పనిచేయాలి.

2. కలం పట్టే ముందు మొత్తం చూడాలి

అనువాదకుడు, సంభాషణల రచయిత, డబ్బింగ్ దర్శకుడు, ఈ ముగ్గురూ చివరి ఎపిసోడ్ వరకు చూసిన తరువాతే మొదటి ఎపిసోడ్ రాయాలి. 'సమయం లేదు' అన్న మాట ప్రతి స్టూడియోలోనూ వినిపిస్తుంది. అయితే ఎనిమిదో ఎపిసోడ్‌లో పనిమనిషి అసలు ఆ ఇంటి పెద్ద కూతురని తేలితే, అంతవరకు ఆమెను అందరూ పిలిచిన పిలుపులన్నీ ఆ రహస్యాన్ని కాపాడి ఉండాలి. కథ చివర ఎక్కడికి చేరుతుందో తెలియకుండా ఆ పిలుపులను ఎంచుకోలేము.

3. వరుసల పట్టిక వేయాలి

ఖ్మేర్‌లో 'నేను', 'నువ్వు' అనే మాటలకు బదులుగా ఎక్కువగా చుట్టరికపు మాటలే నడుస్తాయి. తమకన్నా పెద్దవారిని, వారు అన్నైనా అక్కైనా, 'బోంగ్' అంటారు. చిన్నవారిని 'ఓన్' అంటారు. తల్లిదండ్రులకన్నా వయసులో చిన్నవాడైన మగమనిషి 'పూ', ఆడమనిషి 'మీంగ్'. తల్లిదండ్రులకన్నా పెద్దవారైతే ఇద్దరూ 'ఓమ్'. తాత 'తా', అవ్వ 'యీయ్'. రక్తసంబంధం ఉండనక్కరలేదు. కూరగాయల బండి దగ్గర కూడా వయసు అంచనా వేసి ఈ మాటలతోనే పలకరిస్తారు.

తెలుగువారికి ఈ పద్ధతి అర్థం కావడం కష్టం కాదు. పెదనాన్నకు, బాబాయికి తేడా మనకు తెలుసు. బస్సులో పక్కన కూర్చున్న ముసలాయనను 'తాతా' అని పిలవడమూ తెలుసు. అయితే మన లెక్కలను అక్కడికి యథాతథంగా మోసుకుపోకూడదు. మనకు తల్లి తమ్ముడు మేనమామ, తండ్రి తమ్ముడు బాబాయి. అక్కడ ఇద్దరూ 'పూ'. మనకు తండ్రి వైపా, తల్లి వైపా అన్నది ముఖ్యం. అక్కడ తల్లిదండ్రులకన్నా పెద్దా, చిన్నా అన్నది ముఖ్యం.

ఇంకో సంగతి మొదట్లో మనవారిని కలవరపెడుతుంది. భార్య భర్తను 'బోంగ్' అని, భర్త భార్యను 'ఓన్' అని పిలవడం సాధారణం, ప్రేమికులూ అంతే. తెలుగులో 'బావా' అన్న పిలుపు చేసే పనిని అక్కడ 'బోంగ్' చేస్తుంది. కానీ అదే మాట సొంత అన్నకూ, పక్కింటి అక్కకూ కూడా చెల్లుతుంది. ఏ సందర్భంలో ఏ అర్థమన్నది గొంతు తీరు వల్ల, కథలో ఆ పిలుపు మొదలైన చోటు వల్ల తెలుస్తుంది.

ఇక్కడే అతి పెద్ద పొరపాటు జరుగుతుంది. నేను పనిచేసిన ఒక స్టూడియోలో పదహారు ఎపిసోడ్‌ల కొరియా ధారావాహిక నడుస్తోంది. నాయిక ఒక కార్యాలయంలో ఉద్యోగి, నాయకుడు ఆమె పైఅధికారి. అనువాదం ఇంగ్లీషు ప్రతి నుంచి జరిగింది కాబట్టి అన్ని చోట్లా ఒకే 'యూ' కనిపించింది. అతడు ఆమెకన్నా నాలుగేళ్ళు పెద్దవాడు కదా అని అనువాదకుడు మొదటి ఎపిసోడ్ నుంచీ 'బోంగ్' రాశాడు. వ్యాకరణంలో తప్పు లేదు, మర్యాదలోనూ తప్పు లేదు.

తొమ్మిదో ఎపిసోడ్‌లో వానలో బస్‌స్టాప్ దగ్గర ఆమె మొదటిసారి గౌరవపు క్రియలు వదిలి, చనువు భాషలో రెండు మాటలు మాట్లాడుతుంది. మూలంలో ఆ సన్నివేశానికి ప్రాణం ఆ మార్పే. ఖ్మేర్‌లో ఆ చోట ఆమె అతన్ని తొలిసారిగా 'బోంగ్' అని పిలిస్తే చాలు, ప్రేక్షకురాలికి అంతా తెలిసిపోతుంది. మేము ఆ మాటను ఎనిమిది ఎపిసోడ్‌లుగా ఖర్చుపెట్టేశాము. రికార్డింగ్ బూత్‌లో నాయికకు గొంతు ఇస్తున్న అమ్మాయి కాగితం కింద పెట్టి, 'ఇక్కడ నేను కొత్తగా ఏం చెప్పాలి?' అని అడిగిన తరువాతే మాకు తెలిసివచ్చింది.

వెనక్కి వెళ్ళి, ఆమె అతన్ని పిలిచే ప్రతిచోటా 'లోక్ ప్రథీన్' అని మార్చి, రెండు రోజులు తిరిగి రికార్డు చేశాము. 'ప్రథీన్' మన 'ప్రధాన' శబ్దమే. 'లోక్' గౌరవవాచకం. కొరియాలో ఆమె అనే 'సాజాంగ్‌నిమ్'కు, దీనికి అక్షరాల (ఒక్క ఊపులో పలికే ఖండాల) నిడివి ఒకటే కావడం మా అదృష్టం; చివరి మకారం దగ్గర పెదవుల మూత ఒక్కటే కుదరలేదు. ముందే పట్టిక వేసుకుని ఉంటే ఆ రెండు రోజులు మిగిలేవి.

వరుసల పట్టిక అంటే ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో రాసుకునే పట్టిక. అందులో ప్రతి జంటకు ఒక అడ్డగడి ఉండాలి. ఆ గడిలో ఇవి నింపాలి:

- మాట్లాడేది ఎవరు, ఎవరితో. ఇద్దరిలో ఎవరు పెద్ద.
- హోదాలో తేడా ఏమిటి, వయసుకు, హోదాకు పొత్తు కుదరకపోతే కథ దేనికి విలువ ఇస్తోంది.
- తనను తాను ఏమని చెప్పుకుంటాడు. 'ఖ్ఞొమ్' అన్నిచోట్లా చెల్లే 'నేను'. కానీ ప్రేమికురాలు తనను 'ఓన్' అనుకోవచ్చు, తల్లి పిల్లలతో తనను 'అమ్మ' అనే చెప్పుకోవచ్చు.
- ఎదుటివారిని ముఖాముఖి ఏమంటాడు, చాటున ఏమంటాడు.
- కోపంలో ఏమవుతుంది. 'అఞ్', 'ఏంగ్' అనే జంట ప్రాణస్నేహితుల మధ్య చనువు, ఇతరుల మధ్య తిట్టుతో సమానం.
- ఏ ఎపిసోడ్‌లో, ఏ టైమ్‌కోడ్ దగ్గర ఈ పిలుపు మారుతుంది.

చివరి అంశాన్ని ఎర్ర అక్షరాలతో రాయండి. పిలుపు మారే చోట్లు ధారావాహిక మొత్తానికి పది, పదిహేనుకు మించవు. ఆ పది చోట్లే ప్రేక్షకులు గుర్తుపెట్టుకుంటారు.

మరొక చిన్న తప్పు తరచూ కనిపిస్తుంది. అన్ని చోట్లా 'నీక్' అనే తటస్థమైన 'మీరు' వాడటం. ప్రకటనల్లో, పుస్తకాల్లో అది బాగుంటుంది; అన్నదమ్ముల గొడవలో పడితే అనువాదపు వాసన కొడుతుంది. వయసు తెలియని అపరిచితుల తొలి పలకరింపులకే దాన్ని పరిమితం చేయండి.

'అవును' అనే మాటను కూడా పట్టికలో చేర్చండి. మగవారు 'బాత్' అంటారు, ఆడవారు 'చాహ్' అంటారు. గుంపు సన్నివేశాల్లో ఎవరి గొంతు ఎవరిదో చూసుకోకుండా ఒకే మాట రాసి పంపితే, సైనికులంతా 'చాహ్' అన్నట్లు వినిపించే ప్రమాదం ఉంది.

4. రాజులు, భిక్షువులు, దేవతలు ఉంటే అదనపు పని

చైనా చారిత్రక ధారావాహికలకు, మన పౌరాణికాలకు ఈ అంచె తప్పనిసరి. ఖ్మేర్‌లో రాజుల గురించి, బౌద్ధ భిక్షువుల గురించి మాట్లాడటానికి వేరే పదజాలమే ఉంది. తినడం అన్న ఒక్క క్రియనే చూడండి: మామూలుగా 'ఞామ్', పల్లెల్లో 'హోప్', మర్యాదగా 'పిసా', భిక్షువు విషయంలో 'ఛాన్', రాజు విషయంలో 'సావోయ్', పశువులకూ తిట్లకూ 'సీ'. రాజు నడిస్తే 'యీంగ్', నిద్రిస్తే 'ఫ్తుమ్'. భిక్షువు తనను తాను 'ఆత్మా' అని చెప్పుకుంటాడు.

ఈ పదాల్లో చాలావాటికి మూలం సంస్కృతం, పాళీ కావడంతో తెలుగువారికి కాగితం మీద చూస్తే సులువుగా అనిపిస్తాయి. రాజు కన్ను 'నేత్ర' శబ్దం నుంచి, చేయి 'హస్త' శబ్దం నుంచి వచ్చాయి. ఆ పరిచయాన్ని నమ్ముకుని మనమే మాటలు కూర్చడానికి పూనుకోకూడదు. చివరి అక్షరాలు అరిగి, ఉచ్చారణ పూర్తిగా మారిపోయి ఉంటుంది. రాజభాష తెలిసిన స్థానిక పెద్ద ఒకరి చేత ప్రతి ఆస్థాన సన్నివేశాన్నీ చదివించాలి.

నిడివి సమస్య కూడా ఇక్కడే వస్తుంది. చైనా ఆస్థానంలో మంత్రి తనను 'ఛెన్' అని ఒక్క అక్షరంతో చెప్పుకుంటాడు. ఖ్మేర్‌లో 'తూల్ బంకుమ్' మూడు అక్షరాలు. ప్రతి వాక్యంలోనూ అది పెడితే నోరు మూసిన తరువాత కూడా మాట వినిపిస్తూనే ఉంటుంది. సన్నివేశంలో మొదటి వాక్యానికి, నమస్కరించే వాక్యానికి దాన్ని ఉంచి, మధ్యలో కర్త లేకుండా రాయండి. ఖ్మేర్ వాక్యం కర్తను వదిలేసినా నిలబడుతుంది.

రామాయణ కథ డబ్ చేస్తే పేర్లు కంబోడియా రామాయణమైన 'రియామ్‌కే'లో ఉన్నట్లే ఉండాలి. రాముడు 'ప్రేహ్ రీమ్', సీత 'నీంగ్ సేడా', లక్ష్మణుడు 'ప్రేహ్ లెక్', రావణుడు 'క్రోంగ్ రీప్'. అక్కడి కథలో హనుమంతుడు 'సువణ్ణ మచ్ఛా' అనే జలకన్యను ప్రేమిస్తాడు. మన బ్రహ్మచారి హనుమంతుణ్ణి చూసినప్పుడు ప్రేక్షకులకు కలిగే సందేహానికి సంభాషణలో సంజాయిషీ చొప్పించవద్దు. ప్రసారానికి ముందు వేసే ఒక పరిచయ వాక్యంలో ఇది భారతదేశపు కథనమని చెప్పితే సరిపోతుంది.

5. అనువాదం, ఆ తరువాత పెదవులు

రెండు విడతల్లో రాయాలి. మొదటి విడతలో మూలభాష వినగలిగిన వ్యక్తి అర్థాన్ని, వరుసను, భావాన్ని పూర్తిగా దింపుతాడు. పెదవుల ఊసు ఎత్తడు. రెండో విడతలో డబ్బింగ్ రచయిత బొమ్మను పక్కన పెట్టుకుని మాటలను నోటికి అమరుస్తాడు. రెండు పనులూ ఒకరే ఒకేసారి చేస్తే పెదవులు గెలుస్తాయి, అర్థం ఓడిపోతుంది.

తెలుగు డబ్బింగ్‌లో లాగే ఇక్కడా ప, ఫ, బ, మ అనే పెదవి మూతలనే ముందు గుర్తించాలి. ఖ్మేర్‌లో అదనంగా చూసుకోవలసింది పదాంతాలు. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగిసి నోరు తెరిచి ఉంచుతుంది. ఖ్మేర్ మాట తరచుగా హల్లుతో ఆగిపోతుంది. చివర 'ప్' ఉంటే పెదవులు మూసుకుని అలాగే నిలిచిపోతాయి. అందువల్ల నోరు తెరుచుకుని ఆగిన క్లోజప్‌లకు అచ్చుతో ముగిసే మాటను వెతకాలి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాము. చైనా పాత్ర వంటింట్లోకి వచ్చి 'నీ ఛ్ర్ ఫాన్ ల మా' అంటుంది. 'భోంచేశావా' అని అర్థం. అయిదు అక్షరాలు, చివరి 'మా' దగ్గర పెదవులు కలిసి విడిపోవడం క్లోజప్‌లో స్పష్టంగా కనిపిస్తోంది. ఖ్మేర్‌లో 'ఞామ్ బాయ్ హౌయ్ నౌ' అంటే నాలుగు అక్షరాలు, చివర పెదవి మూత లేదు. ఎదుట ఉన్నది పిన్ని వయసు ఆవిడ అయితే చివర పిలుపు చేర్చండి: 'ఞామ్ బాయ్ హౌయ్ నౌ, మీంగ్?' అయిదు అక్షరాలూ కుదిరాయి, మకారమూ సరిగ్గా దాని చోటులోనే పడింది. వరుసల పట్టిక పెదవులకు కూడా అక్కరకు వచ్చే తీరు ఇది.

నిడివి పెంచడానికి, తగ్గించడానికి పనికివచ్చే ఉపాయాలు:

- పిలుపును వాక్యం మొదట లేదా చివర చేర్చడం, లేదా తీసివేయడం.
- వాక్యాంత పదాలైన 'ణా', 'హౌయ్', 'ఫాంగ్' వంటివాటిని భావం చెడకుండా వాడటం.
- 'మిన్ … తే' అనే నిషేధ జంటలో చివరి 'తే'ను అవసరాన్ని బట్టి ఉంచడం, వదలడం.
- కర్తను వదిలేయడం.

అంకెల దగ్గర జాగ్రత్త. ఖ్మేర్ లెక్క అయిదు మీద నడుస్తుంది: ఆరు అంటే 'ప్రామ్ మోయ్', అంటే అయిదూ ఒకటి, తొమ్మిది అంటే 'ప్రామ్ బ్వాన్', అయిదూ నాలుగు. చైనాలో ఒక్కో అక్షరంతో గబగబా చెప్పే ఫోన్ నంబరులో ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిదులు ఎక్కువగా ఉంటే ఖ్మేర్‌లో అది నోటికన్నా ఎంతో పొడవవుతుంది. నంబరు కథకు ముఖ్యమైతే చివరి రెండు అంకెలు పలికించి, మిగిలినది తెర మీద రాతగా చూపండి.

భాష ఏ తీరులో ఉండాలన్న ప్రశ్నకు నా అభిప్రాయం స్పష్టంగా ఉంది. ఫ్నోమ్ పెన్ వాడుకలో హల్లు వెనుక వచ్చే రేఫ (ర శబ్దం) మాయమై స్వరం కిందికి దిగి పైకి లేస్తుంది. ఆధునిక నగర కథల్లో యువకులు అలాగే మాట్లాడాలి. చారిత్రక కథల్లో, వార్తాహరుడి గొంతులో, పెద్దల మాటల్లో రేఫను పూర్తిగా పలికించాలి. ఒకే పాత్ర ఒక ఎపిసోడ్‌లో ఒకలా, ఇంకో ఎపిసోడ్‌లో ఇంకోలా పలకడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

6. కాగితం చదవడానికి వీలుగా ఉండాలి

ఖ్మేర్ లిపిలో మాటల మధ్య ఖాళీ ఉండదు. ఖాళీ వచ్చిందంటే అక్కడ విరామం అని అర్థం. ఈ గుణాన్నే మనం వాడుకోవాలి. ఊపిరి తీసుకోవలసిన చోట ఖాళీ, నోరు నిలిచిపోయే చోట గీత పెట్టండి. బూత్‌లో మొదటిసారి చూసి చదివేవారు మాటను తప్పు చోట విరవకుండా ఉండటానికి, సందేహం కలిగించే పదాలను విడదీసి రాయండి.

ఫైలు యూనికోడ్‌లోనే ఉండాలి. యూనికోడ్ కాని పాత లిమోన్ ఫాంటులలో టైపు చేసిన ప్రతిని వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. మన ఒత్తుల వంటివే ఖ్మేర్‌లోనూ ఉన్నాయి. వాటిని అక్షరపు 'కాళ్ళు' అంటారు. పంక్తుల మధ్య తగినంత ఎడం లేకపోతే ముద్రణలో ఆ కాళ్ళు తెగిపోయి మాటే మారిపోతుంది. ఒక పేజీ అచ్చు తీసి చూసిన తరువాతే మిగిలినవి తీయించండి.

ప్రతి లూప్‌కూ, అంటే ఒక్క విడతలో రికార్డు చేసే సంభాషణ ముక్కకూ, టైమ్‌కోడ్, పాత్ర పేరు, వరుసల పట్టికలోని అంకె, భావసూచన ఉండాలి. ఊపిర్లు, నిట్టూర్పులు, ఏడుపులు, నవ్వులు కూడా విడిగా రాయాలి.

7. గొంతుల ఎంపిక

కొద్దిమంది గొంతులతోనే అన్ని పాత్రలనూ నడిపించడం అక్కడ పాత అలవాటు. డబ్బు తక్కువైనప్పుడు ఆ పద్ధతి నేటికీ తప్పదు. అప్పుడు చేయవలసిన పని ఒకటే: సన్నివేశాల వారీగా పట్టిక వేసి, ఒకే వ్యక్తి తన గొంతుతో తనే మాట్లాడుకునే పరిస్థితి ఎక్కడా రాకుండా చూడాలి. నాయికా నాయకుల గొంతులను మాత్రం మరే పాత్రకూ వాడవద్దు. పసిపిల్లలకు ఆడవారి చేత చెప్పించవచ్చు. పదేళ్ళు దాటిన పిల్లలకు పిల్లలే కావాలి.

ఎంపిక పరీక్షకు మామూలు సంభాషణ ఇవ్వకండి. పిలుపు మారే సన్నివేశాన్ని ఇవ్వండి. 'లోక్' నుంచి 'బోంగ్'కు మారేటప్పుడు గొంతులో ఏమీ మారని వ్యక్తి ఎంత మంచి స్వరం ఉన్నా నాయికకు సరిపోరు.

8. రికార్డింగ్

కాలాన్ని చూసుకుని షెడ్యూలు వేయాలి. ఏప్రిల్ నడుమ ఖ్మేర్ నూతన సంవత్సరానికి, సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో పితృదేవతలను తలుచుకునే ఫ్చుం బెన్‌కు ఊరంతా ఖాళీ అవుతుంది. నవంబరు ప్రాంతంలో నీటి పండుగకు పల్లెల జనం నగరానికి వచ్చిపడతారు. మే నుంచి అక్టోబరు వరకు వానలు. రేకుల కప్పు ఉన్న భవనమైతే మధ్యాహ్నపు జల్లు మైకులోకి వచ్చేస్తుంది. వానలు వెళ్ళిన తరువాత పెళ్ళిళ్ళ కాలం. తెల్లవారకముందే లౌడ్‌స్పీకర్లు మొదలవుతాయి. స్టూడియోను అద్దెకు తీసుకునే ముందు అటువంటి ఒక ఉదయం అక్కడ అరగంట మౌనంగా రికార్డు చేసి వినండి.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో, ఒక్కొక్కరిని విడి ట్రాక్‌లో రికార్డు చేయాలి. ప్రేమ సన్నివేశాలకూ, గొడవలకూ మాత్రం ఇద్దరినీ రెండు మైకుల ముందు ఒకేసారి నిలబెట్టడం మంచిది. ఎదుటివారి ఊపిరి వినిపిస్తే మాటకు ప్రాణం వస్తుంది.

రోజు క్రమం ఇలా పెట్టుకోండి: ఉదయం గొంతు తాజాగా ఉన్నప్పుడు నాయికా నాయకుల మెత్తని సన్నివేశాలు, మధ్యాహ్నం సహాయ పాత్రలు, చివర అరుపులు, ఏడుపులు, గుంపు మాటలు. అరుపులు ముందు పెడితే ఆ రోజంతా బొంగురు గొంతే దక్కుతుంది.

ప్రతి టేక్ తరువాత చూసుకోవలసినవి:

- పిలుపు పట్టికలో ఉన్నదేనా? బూత్‌లో అలవాటుగా మారిందా?
- మాట నోటికన్నా ముందు మొదలైందా? కాస్త ఆలస్యాన్ని చెవి క్షమిస్తుంది, ముందు వచ్చిన మాటను క్షమించదు.
- కాగితం తిరగేసిన చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు ఉన్నాయా?
- పరాయి పేర్లు అందరూ ఒకేలా పలుకుతున్నారా?

9. మిక్సింగ్

మాటలు లేని ట్రాక్ ఉంటే పని సగం తేలిక. అది లేకుండా వచ్చిన పాత ధారావాహికల్లో మూల శబ్దాన్ని తగ్గించి దాని మీద ఖ్మేర్ మాట వేయడం అలవాటు. అప్పుడు వెనుక నుంచి కొరియా గొంతు నీడలాగా వినిపిస్తూనే ఉంటుంది. దానికి మరమ్మతు ఉంది. మాటలు లేని క్షణాల నుంచి గది నిశ్శబ్దాన్ని, వీధి రొదను కత్తిరించి తీసి, మాటలు ఉన్న చోట్ల పరచండి. అడుగుల చప్పుడు, తలుపుల చప్పుడు కొత్తగా చేయించండి. గొంతును సంగీతం నుంచి విడదీసే సాఫ్ట్‌వేర్లు నేడు అందుబాటులో ఉన్నాయి. అయితే వాటి తరువాత సంగీతం నీళ్ళలో మునిగినట్లు వినిపిస్తుందేమో చెవితో పరీక్షించాలి.

బూత్‌లో చెప్పిన మాట బూత్‌లాగా వినిపించకూడదు. వీధిలో మాట్లాడేవారికి గోడల ప్రతిధ్వని ఉండదు, గుడి మండపంలో మాట్లాడేవారికి ఉంటుంది. శబ్దస్థాయి ఎంత ఉండాలో ఛానల్ చెప్పకపోతే ఐరోపా ప్రసార ప్రమాణమైన మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) వద్ద ఉంచి, ఆ సంగతి రాతలో తెలియజేయండి. చివరగా ఒక మామూలు ఫోన్ స్పీకరులో మొత్తం వినండి. సంగీతం కింద మాట నలిగిపోయిన చోట్లు అక్కడే బయటపడతాయి.

10. బయటివారి చేత వినిపించాలి

ధారావాహికను అంతకుముందు చూడని ఇద్దరిని, వీలైతే ఒకరిని ఫ్నోమ్ పెన్ నుంచి, ఇంకొకరిని బత్తంబాంగ్ వంటి ఊరి నుంచి పిలిచి, మొదటి ఎపిసోడ్‌ను ముందు బొమ్మ లేకుండా వినిపించండి. కథ అడగవద్దు. ఎవరు ఎవరికన్నా పెద్ద, ఎవరు ఎవరి దగ్గర పనిచేస్తున్నారు, ఎవరికి ఎవరంటే కోపం అని మాత్రమే అడగండి. చెవితోనే ఈ మూడింటికీ సరైన జవాబులు వస్తే తరువాత బొమ్మతో చూపించి పెదవులను పరీక్షించండి. జవాబులు తప్పితే మూడవ అంచెకు తిరిగి వెళ్ళాలి, మిక్సింగ్‌కు కాదు.

సవరణలు పూర్తయ్యాక వీడియోతో పాటు విడి గొంతు ట్రాక్‌లు, సంగీత ట్రాక్, యూనికోడ్ ప్రతి, వరుసల పట్టికల తుది రూపం నాలుగింటినీ ఒకే చోట భద్రపరచండి. రెండో భాగం వచ్చినప్పుడు గొంతు ఇచ్చేవారు మారవచ్చు, రచయిత మారవచ్చు. నాయిక ఎవరిని ఏమని పిలిచిందో కొత్తవారు మొదట తెరవవలసింది ఆ పట్టికలోనే.